చందా సరే, మరి భుజం?

పోయిన వారం ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర తెలుగువాళ్ళం నలుగురం కూచున్నాం. జులైలో ఒక ఆదివారం ఎక్కడికెళ్దామా అని చర్చ. నయాగరా ఇప్పటికి ఆరుసార్లు అయ్యింది (ఇండియా నుంచి చుట్టాలొచ్చినప్పుడల్లా ఒకసారి). ఔట్‌లెట్ మాల్ అంటే మగాళ్ళెవరూ ఒప్పుకోరు. "బ్రూక్లిన్‌లో ఇటలీవాళ్ళ తీర్థం జరుగుతుంది, పోదామా?" అన్నాను. "చర్చివాళ్ళు చేసేదాన్ని తీర్థం అంటారేంటండీ బాబూ!" అని ముగ్గురూ నవ్వారు.

నవ్వితే నవ్వారు గానీ, నాకు అంతకన్నా మంచి మాట దొరకదు. మా గోదావరి వైపు తీర్థం అంటే దేవుడు గుళ్ళోంచి వీధిలోకి రావడం, ఆ వంకతో జీళ్ళూ ఖర్జూరాలూ రంగులరాట్నాలూ వెలవడం, ఎక్కడెక్కడో ఉన్న ఆడపడుచులూ అల్లుళ్ళూ ఊళ్ళోకి దిగడం. బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్ అనే పేటలో, హేవ్‌మేయర్ వీధి దగ్గరున్న మౌంట్ కార్మెల్ మాత చర్చివాళ్ళు ప్రతి జులైలో చేసేది సరిగ్గా ఇదే. కాకపోతే జీళ్ళ బదులు జెప్పొలే ఉంటాయి. అంటే మైదాపిండి పునుగులు. వేడివేడిగా కాగితపు సంచిలో వేసి పైన పంచదార పొడి జల్లిస్తారు. నల్లచొక్కా వేసుకెళ్ళకండి, అనుభవంతో చెబుతున్నా :)

ముందు ప్రయాణం సంగతి చెప్పేస్తాను. జెర్సీ సిటీలో ఉండేవాళ్ళు పాత్ రైలెక్కి 14వ వీధిలో దిగండి. ఎడిసన్, మెట్రోపార్క్ వాళ్ళు పెన్ స్టేషన్‌కి వచ్చి, అక్కణ్ణించి 1 నంబరు రైల్లో 14వ వీధికి రండి. అక్కడ అందరూ ఎల్ రైలు పట్టుకుని బెడ్‌ఫర్డ్ ఎవెన్యూలో దిగితే మిగతాది నడకే. కారు జోలికి పోవద్దు, వీధులు మూసేస్తారు. శాకాహారులు ఏదో కాస్త తినే బయల్దేరండి. అక్కడ పొగలు కక్కేదంతా సాసేజీల పెనమే. పండగ పది, పన్నెండు రోజులు నడుస్తుంది. తేదీలు ఏటా మారతాయి కాబట్టి ముందే చూసుకోండి. ఏ రోజున పడితే ఆ రోజున వెళ్తే మాత్రం సగం వృథా. వెళ్తే జిల్యో ఎత్తే ఆదివారమే వెళ్ళాలి.

జిల్యో అంటే ఇటాలియన్‌లో లిల్లీ పువ్వు. ఇక్కడ మాత్రం అది దాదాపు ఎనభై అడుగుల ఎత్తున, పూలూ దేవదూతల బొమ్మలూ అద్దిన గోపురం. బరువు నాలుగు టన్నులు. చక్రాలుండవు. కింద దూలాలకి భుజాలు పెట్టి వందమందికి పైగా మగవాళ్ళు ఎత్తుతారు. అది చాలదన్నట్టు దాని అరుగు మీద ఒక బ్యాండు మేళం, ఒక పాటగాడు కూడా కూచుంటారు. ఎదురుగా చేతికర్ర పట్టుకున్న పెద్ద, ఆయన్ని కాపో అంటారు, సైగ చేస్తాడు. పాట ఎత్తుకోగానే గోపురం లేస్తుంది, నడుస్తుంది, నాట్యమాడుతుంది. మనం సర్వర్ల మధ్య లోడ్ బ్యాలెన్సింగ్ అంటూ ఏదేదో చేస్తాం గానీ, అసలు లోడ్ బ్యాలెన్సింగ్ చూడాలంటే ఇక్కడికి రావాలి.

దీని వెనక ఒక కథ ఉంది. అయిదో శతాబ్దం మొదట్లో నోలా అనే ఊళ్ళో పౌలీనుస్ అనే బిషప్పు ఉండేవాడు. నోలా నేపుల్స్ పక్కన ఉంటుంది. దాడి చేసినవాళ్ళు ఊరివాళ్ళని చెరపట్టుకుపోయినప్పుడు, ఒక విధవరాలి కొడుకుని విడిపించడానికి ఆయన తానే బానిసగా వెళ్ళాడట. కొన్నాళ్ళకి ఆయన తిరిగొస్తే జనం లిల్లీలతో ఎదురెళ్ళారట. ఆ పూలగుత్తులే తరతరాలుగా పెరిగి పెరిగి గోపురాలయ్యాయి. నోలా నుంచి వలసొచ్చినవాళ్ళు 1903లో ఈ పండగని బ్రూక్లిన్‌లో మొదలుపెట్టారు. అంటే ఇది ఇటలీ దేశపు పండగ కూడా కాదు, ఒక్క ఊరి పండగ. నోలాలో జరిగే అసలు పండగని, ఇటలీలోని మరో మూడు ఊళ్ళ భుజమోత ఉత్సవాలతో కలిపి 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదంతా మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్ళముందు కనపడింది బ్రూక్లిన్ కాదు, జగ్గన్నతోట.

మాది ఉప్పాడ. ఉప్పాడ అనగానే మీకు జాందానీ చీర గుర్తొస్తుంది (2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది). మా అమ్మమ్మగారి ఊరు మాత్రం కోనసీమలో, అంబాజీపేట దగ్గర. సంక్రాంతికి కాకినాడ మీదుగా అక్కడికి చేరేవాళ్ళం. కనుమ నాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద వస్తారు. ఆ కొబ్బరితోటలో గుడి లేదు. దేవుళ్ళే వచ్చి కాసేపు కూచుని వెళ్ళిపోతారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే పచ్చటి వరిచేల మీదుగా వచ్చి, కౌశికలో రొమ్ములోతు నీళ్ళలో దిగి దాటాలి. చేను తొక్కారని ఏ రైతూ తిట్టడు, పైగా ఆ దారి తన చేలోంచి పడితే మేలంటాడు. నీళ్ళలో ప్రభ ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ "అశ్శరభ శరభ" అంటూ నిటారుగా లేస్తుంటే, గట్టు మీద మా తాతయ్య భుజాలెక్కి చూసినవాణ్ణి నేను. 2023 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. టీవీలో చూసి అందరం మురిసిపోయి, వాట్సాప్‌లో ఆ వీడియోని ఒకరికొకరం పంపించుకున్నాం. అక్కడితో సరి.

సరే, అసలు విషయానికొస్తాను. పోయిన డిసెంబర్లో మా మావయ్య ఫోన్ చేశాడు.

"ఏరా అల్లుడూ, ప్రభకి చందా రాయనా నీ పేరు?"

"రాయండి మావయ్యా. ఇప్పుడే పంపించేస్తా."

"డబ్బులకేం లేదురా, బానే వస్తున్నాయి. మోసేవాళ్ళే తక్కువైపోతున్నారు. కుర్రాళ్ళంతా హైదరాబాదూ బెంగుళూరూను. ఏటికేడు ఎవణ్ణి పిలవాలో తెలీట్లేదు."

నేను ఫోన్ పెట్టేసి నిమిషంలో డబ్బు పంపేశాను. తర్వాత ఆ రాత్రంతా ఆ మాటే తొలిచింది. చందా పంపడానికి నిమిషం చాలు. భుజం పంపే యాప్ ఇంకా ఎవడూ రాయలేదు.

ఇక బ్రూక్లిన్‌కి వద్దాం. విలియమ్స్‌బర్గ్ ఇవ్వాళ ఇటాలియన్ పేట కాదు. అక్కడి అద్దెలు వింటే మనకే కళ్ళు తిరుగుతాయి. పాతకాపుల కుటుంబాలు ఎప్పుడో లాంగ్ ఐలండ్‌కీ, న్యూజెర్సీకీ వెళ్ళిపోయాయి. పోయిన శతాబ్దం మధ్యలో బ్రూక్లిన్-క్వీన్స్ ఎక్స్‌ప్రెస్‌వే వేసినప్పుడు వాళ్ళ పాత చర్చినే పడగొట్టేశారు. పక్కనే ఇంకోటి కట్టుకున్నారు. అంటే వీధి మారింది, గుడి పోయింది, జనం చెదిరిపోయారు. అయినా ఆ ఆదివారం పొద్దున్నే, తాత ఏ దూలం కింద నిలబడ్డాడో ఆ దూలం కిందికే మనవడు వచ్చి నిలబడతాడు. పిల్లల కోసం చిన్న జిల్యో ఒకటి విడిగా ఉంటుంది. వాళ్ళు దాంతో మొదలుపెట్టి, పెద్దయ్యాక పెద్దదాని కిందికి చేరతారు. ఎవడికీ డబ్బివ్వరు. మర్నాడు భుజం వాచి ఆఫీసుకి పోతారు, అంతే.

నాకిది ఎందుకంత గుచ్చుకుందంటే, మా ఉప్పాడలోనూ వీధి పోయింది. సముద్రం తినేసింది. మా నాన్న పుట్టిన పెంకుటిల్లు ఉన్నచోట ఇప్పుడు కెరటాలున్నాయి. ఊళ్ళో పెద్దాళ్ళు నీళ్ళలోకి చెయ్యి చూపించి "అదిగో అక్కడుండేది గుడి" అంటారు. కాకినాడ బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో, ఎన్నిసార్లు రాళ్ళు పోశారో లెక్కలేదు. "ఇల్లే లేనప్పుడు ఇంకేం పండగలే, ఎందుకెళ్ళడం" అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అది నాకు మంచి సాకు. టికెట్ డబ్బులు మిగిలేవి, సెలవు మిగిలేది. చర్చిని రోడ్డు కింద పోగొట్టుకున్నవాళ్ళు నా సాకుని లాగేసుకున్నారు.

ఇక్కడ మనవాళ్ళు పండగలు చెయ్యట్లేదా అంటారా? చేస్తున్నాం. తానా 1977లో న్యూయార్క్‌లో తొలి మహాసభ జరిపినప్పటి నుంచి ఇప్పటిదాకా అమెరికాలో తెలుగు పండగలకి లోటు లేదు. వాటిల్లో శ్రమ పడేవాళ్ళంటే నాకు గౌరవమే. కానీ మనం పండగని అద్దె హాల్లో పెడతాం. టికెట్ కొంటాం, వరస నంబరు చూసుకుని కూచుంటాం, స్టేజీ మీద ఎవరో ఆడితే పాడితే చూస్తాం, అరిటాకు బొమ్మేసిన కాగితప్పళ్ళెంలో తింటాం, పార్కింగ్ లాట్‌లో కారు వెతుక్కుంటాం. మన ఇంటిపక్క అమెరికన్‌కి ఆ రోజు మన పండగని కూడా తెలీదు. ఇటలీవాళ్ళకి అంత సుఖం దొరకలేదు. ఈస్ట్ హార్లెమ్‌లో 115వ వీధి మౌంట్ కార్మెల్ చర్చిలో 1919 దాకా వాళ్ళు బేస్‌మెంట్‌లోనే ప్రార్థన చేసుకోవాల్సొచ్చింది. పై అంతస్తు వాళ్ళకి కాదు. పైకి రానివ్వకపోతే వాళ్ళు అమ్మవారిని వీధిలోకి మోసుకొచ్చారు. వీధిలో పండగ అంటే "మేమూ ఇక్కడున్నాం" అని చెప్పడం. మనకి ఆ అవసరం రాలేదనుకుంటున్నాం. వీసా కాగితాల వార్తలు చదివే రోజుల్లో నాకైతే ఆ మాట మీద అంత నమ్మకం లేదు.

అలాగని ఇటాలియన్ పండగలన్నీ బంగారం అనట్లేదు. మాన్‌హట్టన్‌లో మల్బెరీ వీధిలో 1926 నుంచీ జరుగుతున్న సాన్ జెన్నారో ఉత్సవం పెద్దది, పేరున్నది. కానీ అక్కడ లిటిల్ ఇటలీ అన్నది ఇవాళ నాలుగు వీధుల హోటళ్ళే. సెప్టెంబర్లో వెళ్తే భక్తికన్నా టీషర్టులే ఎక్కువ కనపడతాయి. జిల్యో మోతలోనూ పెద్దమోత మగవాళ్ళదే. మన ప్రభల దగ్గరా అంతే. దానితోపాటు మనకింకో చిక్కుంది, ఏ ప్రభకి ఏ ఇంటివాడు భుజం పెట్టొచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అన్న పాత లెక్క. మోసేవాళ్ళు లేరని బాధపడే ఊరు ముందు అడగాల్సిన ప్రశ్న, "మోస్తానన్నవాణ్ణి ఎవర్నైనా మనం పక్కకి నెట్టామా?" అని. ఇందాక చెప్పిన 115వ వీధి అమ్మవారి పండగకి ఇవాళ హైతీ నుంచి వచ్చినవాళ్ళు గుంపులుగుంపులుగా వస్తారు. ఇటలీవాళ్ళు వెళ్ళిపోయిన పేటలో ఆ పండగ బతికిందంటే వాళ్ళ పుణ్యం చాలా ఉంది. తలుపు మూసుకున్న పండగ ముసలిదై చచ్చిపోతుంది. తెరిచిన పండగకి కొత్త భుజాలొస్తాయి.

మా తొమ్మిదేళ్ళ అమ్మాయి ఈ వీడియోలు చూసి "నాన్నా, నేను కూడా మోయొచ్చా?" అంది. బ్రూక్లిన్ సంగతి నాకు తెలీదమ్మా, మనూళ్ళో అడుగుదాం అన్నాను. మా మావయ్యని అడిగాను కూడా. ఆయన కాసేపు మాట్లాడలేదు. "చిన్న ప్రభ ఒకటి కట్టిద్దాంలే, పిల్లలంతా పట్టుకుంటారు" అన్నాడు. మా చిన్నప్పుడు మేం కొబ్బరి మట్టలతో కట్టుకున్న బొమ్మప్రభ గుర్తొచ్చింది ఆయనకి.

కాబట్టి జులైలో బ్రూక్లిన్ తప్పకుండా వెళ్ళండి, పిల్లల్ని తీసుకెళ్ళండి. చర్చిలోకి వెళ్తే బట్టలు పద్ధతిగా ఉండాలి, గోపురం కదిలేటప్పుడు తాడు అవతలే నిలబడాలి. ఇలాంటి ఇటాలియన్ పండగల్లో విగ్రహానికి డాలర్ నోట్లు గుచ్చుతారు. మీకు తోస్తే మీరూ ఇవ్వండి, మన హుండీకి అది వేలువిడిచిన అక్క :) ఫొటో మాత్రం గోపురానికి కాదు, కింద దూలం పట్టుకున్న మొహాలకి తియ్యండి. తర్వాత జెప్పొలే తింటూ ఒక్క లెక్క వేసుకోండి, మనూరి ప్రభకో, జాతరకో, రథానికో చివరిసారి భుజం పెట్టి ఎన్నేళ్ళయ్యింది?

స్టాంపింగ్ గొడవలున్నవాళ్ళూ, నెలల పిల్లలున్నవాళ్ళూ రాలేరు, నాకు తెలుసు, వాళ్ళని అనట్లేదు. రాగలిగీ రాని నాలాంటివాళ్ళని అంటున్నాను. వచ్చే కనుమకి నేను సెలవు అడిగేశాను. ఏమని రాయాలో తెలీక కారణం దగ్గర "కుటుంబ పని" అని రాశాను. మా మేనేజరు "ఎనీథింగ్ సీరియస్?" అని అడిగాడు.

అవునన్నాను.