పాట కింద పేరెవరిది? (భాగం 9)

"సినిమావాళ్లు మన పాటను తీసుకున్నారంటే అది మన పాటకు గౌరవమే కదా సార్?"

ఈ ప్రశ్న అడిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. మంచి పిల్లలే. ఇంట్లో తాతో, మేనమామో డప్పు కొట్టినవాళ్లే. థియేటర్‌లో ఆ దెబ్బ వినబడగానే వాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ పులకరింతతో నాకు పేచీ లేదు. నా పేచీ గౌరవం అన్న మాటతో. సినిమా పాటల ఆల్బమ్‌లో గౌరవం ఉండేది రెండు చోట్లే. ఒకటి పాట కింద పడే పేరులో, రెండోది ఆ పేరున్న మనిషి బ్యాంకు ఖాతాలో. మిగతాదంతా శాలువా.

ముందు కిన్నెర దగ్గర మొదలుపెడదాం.

2021 సెప్టెంబర్ 2న 'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్ విడుదలైంది. హీరో పుట్టినరోజు. సంగీతం తమన్, రచన రామజోగయ్య శాస్త్రి. కానీ పాట ఎత్తుకునేది దర్శనం మొగిలయ్య గొంతు. చేతిలో పన్నెండు మెట్ల కిన్నెర. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, డక్కలి కులం. డక్కలివాళ్లు ఎవరో తెలియని తమ్ముళ్ల కోసం రెండు మాటలు: మాదిగలకు ఆశ్రిత కులం. మాదిగవాడకు వచ్చి జాంబవ పురాణం చెప్పి, వంశం పాడి, ఆ పాట మీద బతికినవాళ్లు. అంటరాని వాడకు కూడా అంటరానివాళ్లుగా ఉండిపోయినవాళ్లు. (ఈ మాట మన మిత్రులు కొందరికి చేదుగా ఉంటుంది. ఉండనివ్వండి.)

మొగిలయ్య కిన్నెర మీద ఏం పాడేవాడు? పండుగ సాయన్న కథ. పాలమూరులో ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన సాయన్న, దొరలకూ పోలీసులకూ కంట్లో నలుసైన సాయన్న. అదే కిన్నెర సినిమాలోకి వచ్చేసరికి ఎవరి వంశం పాడింది? ఒక ఎస్సై గారి వంశం. మీసం మెలేసే పోలీసు హీరో తండ్రెవరు, తాతెవరు అని డక్కలి గొంతు చెబుతుంటే ఫ్యాన్స్ ఈలలు వేశారు. వంశం పాడే ప్రక్రియ డక్కలివాళ్లది. ఎవరి వంశం పాడాలో నిర్ణయించింది మాత్రం వాళ్లు కాదు. సాహిత్య విద్యార్థులారా, 'జానపద శైలి' అని మనం పరీక్షలో ఒక్క ముక్కలో రాసి వదిలేసేదాని లోపల ఇంత జరుగుతుంది.

ఆ తర్వాతి సంగతులు పేపర్లలో వచ్చినవే. హీరో 2 లక్షల రూపాయలు ఇచ్చాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించింది. 2024 మే నెలలో అదే మనిషి హైదరాబాద్ శివారులో కట్టడం పనికి కూలీగా వెళ్తున్న వీడియో బయటికొచ్చింది. దేశమంతా అయ్యో అంది. అందరూ ప్రభుత్వాన్ని తిట్టారు. తిట్టాల్సిందే. కానీ ఆ వారమంతా ఆ పాట యూట్యూబ్‌లో మోగుతూనే ఉంది కదా, మోగిన ప్రతిసారీ ఎవరికో డబ్బులు పడుతూనే ఉన్నాయి కదా, అందులో ఆ గొంతుకు వాటా ఏదీ అని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

2 లక్షలు ఇవ్వడం మంచి పనే. కానీ అది బహుమానం. బహుమానం ఇచ్చేవాడి మనసును బట్టి వస్తుంది, వాటా చేసిన పనిని బట్టి వస్తుంది. కుల వ్యవస్థ ఎంత దుర్మార్గమైనదో ఈ తొమ్మిది భాగాల్లో రాస్తూనే ఉన్నాను. ఆ దుర్మార్గపు వ్యవస్థలో కూడా ఆశ్రిత కులాలకు మిరాశీ అనేది ఒకటుండేది. ఫలానా ఊళ్లు ఫలానా కుటుంబానివి, ఆ ఊళ్లో కథ చెబితే ఇంత రావాలి. అది అడుక్కోవడం కాదు, హక్కు. ఇయ్యకపోతే వాకిట్లో కూర్చుని నిలదీసి తీసుకునేవాళ్లు. మాదిగవాడ ఎంత పేదదైనా పాటకు వాటా ఉందని ఒప్పుకుంది. వందల కోట్ల పరిశ్రమ ఒప్పుకోవడం లేదు.

ఇంకో సంగతి. 'భీమ్లా నాయక్' మలయాళం 'అయ్యప్పనుం కోషియుం'కు రీమేక్. ఆ 2020 సినిమా ఆల్బమ్‌లో కూడా అందరికీ గుర్తుండిపోయిన గొంతు ఒక ఆదివాసీ గొంతే: అట్టప్పాడి ఇరుళ మహిళ నంజియమ్మ. పాట ఆమెదే, మాటలూ ఆమె భాషవే. 2022లో ఆమెకు ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు వస్తే, శిక్షణ లేని ఆమెకు అంత పెద్ద అవార్డా అని సంగీతం నేర్చుకున్న పెద్దమనిషి ఒకాయన బాధపడిపోయాడు. చాలామంది కళాకారులు ఆమె పక్షాన నిలబడ్డారు, అది సంతోషం. నేను చూసేది ఇంకో తేడా. అక్కడ నంజియమ్మ పేరు గాయనిగానే కాదు, రచయితగా కూడా పడింది. రీమేక్ హక్కులు కొన్నప్పుడు మనవాళ్లు కథ కొన్నారు, పాత్రలు కొన్నారు, అట్టడుగు గొంతుతో సినిమాకు ఒక ఊపు తేవచ్చన్న ఐడియా కూడా తెచ్చుకున్నారు. రచయిత స్థానంలో ఆమె పేరు వేసిన ఆ పద్ధతిని మాత్రం తెచ్చుకోలేదు.

ఇప్పుడు చట్టం. కాస్త ఓపిక పట్టండి, ఇది తెలియకపోతే మన కోపం గాలిలో పోతుంది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1977లో సుప్రీంకోర్టు ఒక కేసులో సినిమా పాట హక్కులు ప్రధానంగా నిర్మాతవేనని తేల్చింది. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా నాలుగు మాటలు రాస్తూ, పాడినవాళ్లకు ఏ హక్కూ లేకపోవడం గురించి బాధపడ్డారు. అంతే, బాధ దగ్గర ఆగింది. 35 ఏళ్ల తర్వాత, జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు కొట్లాడితే, 2012లో సవరణ వచ్చింది. పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ హక్కును నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా వాణిజ్యపరంగా వాడినప్పుడు రాయల్టీ హక్కు ఉంది. బాగుంది కదూ?

అదే సవరణలో ఒక చిన్న మెలిక కూడా ఉంది. 'ప్రదర్శకుడు' అంటే ఎవరో చెప్పే నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడుతో పాటు దొమ్మరాట ఆడేవాళ్లు, గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఉన్నారు. చట్టం రాసినవాళ్లకు తెలుసో లేదో గానీ సగం జాబితా మన సంచార కులాలదే. ఆ నిర్వచనం కింద 2012లో చేర్చిన మాట ఇది: సినిమాలో ఒకరి ప్రదర్శన నామమాత్రమైనదై, పరిశ్రమలో మామూలుగా ఉన్న అలవాటు ప్రకారం టైటిల్స్‌లో గానీ మరెక్కడా గానీ వాళ్ల పేరు వేయకపోతే, వాళ్లు ప్రదర్శకులు కారు. తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పుకునే ఒక్క హక్కు తప్ప వాళ్లకు ఇంకేమీ లేదు.

మళ్లీ చదవండి. పేరు వేయని అలవాటు ఎవరిది? పరిశ్రమది. ఆ అలవాటు వల్ల హక్కు పోయేది ఎవరికి? పేరు పడనివాళ్లకు. ఎవరి ప్రదర్శన 'నామమాత్రం', ఎవరిది కాదు అని ముందుగా తేల్చేది ఎవరు? పేరు వేసే చేతులే. ఊళ్లో ఒకప్పుడు బావి దగ్గర చెప్పింది ఇదే: మీరు ఎప్పుడూ ఈ బావిలో తోడలేదు కదా, కాబట్టి ఇది మీది కాదు. అలవాటును చట్టం చేయడం మనువు నుంచి మొదలైన పని.

డప్పు దగ్గరికి వద్దాం. మన మాస్ పాటల్లో సగం డప్పు మీదే నడుస్తాయి. ఆల్బమ్‌లో ఏం రాస్తారు? ప్రోగ్రామింగ్ ఫలానా, మిక్సింగ్ ఫలానా, మాస్టరింగ్ ఫలానా. కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో చిటికెన పుల్ల పట్టుకుని, మంట మీద చర్మం కాచుకుని, శ్రుతి చూసుకుని కొట్టినవాడు చాలా ఆల్బమ్‌లలో కనబడడు. ఇంకా దారుణం ఏంటంటే ఇప్పుడు అతన్ని పిలవాల్సిన పని కూడా లేదు. ఒకసారి రికార్డు చేసిన దెబ్బను శాంపిల్‌గా దాచుకుని ఎన్ని పాటల్లోనైనా వాడుకోవచ్చు. ఒక్క రోజు కూలి ఇచ్చి జీవితకాలం వెట్టి చేయించుకోవడం కంప్యూటర్‌లోనూ కుదిరింది.

అన్నట్టు, నేను చదువు చెప్పిన ఒక కాలేజీలో ఫ్రెషర్స్ డేకు స్పీకర్లు పగిలేలా తీన్మార్ పెట్టారు. ఏప్రిల్ 14న మా పిల్లలు నాలుగు డప్పులు తెస్తామంటే "క్యాంపస్‌లో గోల ఎందుకు" అన్నారు. స్పీకర్‌లోని డప్పు సంగీతం, చేతిలోని డప్పు గోల!

2021 ఫిబ్రవరి చివర్లో 'లవ్ స్టోరీ' సినిమా పాట 'సారంగ దరియా' మీద జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. పాడింది మంగ్లీ, రచయితగా పడిన పేరు సుద్దాల అశోక్ తేజ. అంతకు చాలా ఏళ్ల ముందే ఆ జానపదాన్ని టీవీలో 'రేలా రె రేలా' కార్యక్రమంలో పాడిన కోమల, తన సంగతేంటని అడిగింది. పల్లవి జానపదమే, చరణాలు నేను రాశానని సుద్దాల చెప్పారు. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపూ పారితోషికమూ ఇస్తామన్నారు. ఆమె నోరు తెరిచి అడగబట్టే ఆ మాట వచ్చింది, ఆ తెగువకు దండం. కానీ ఆ చర్చంతా సేకరించింది ఎవరు, మార్చింది ఎవరు అన్న దగ్గరే తిరిగింది. కలుపు తీస్తూ, నాట్లు వేస్తూ ఆ పాటను తరాల పాటు కాపాడిన ఆడవాళ్లు ఆ చర్చలో ఎక్కడా లేరు. సేకర్తకు పేరుండి, పాడిన నోటికి పేరు లేకపోవడం సినిమా కనిపెట్టిన రోగం కాదు. మన తెలుగు శాఖల్లో జానపద గేయ సంకలనాలు తిరగేయండి. అట్ట మీద పండితుడి పేరు, లోపల 'ఒక వృద్ధురాలు పాడగా విని రాసుకున్నది'. ఆ వృద్ధురాలికి పేరు పెట్టలేదా వాళ్లమ్మ?

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "జానపదం అందరిదీ, దానికి ఓనర్ ఎవరు?" సరే, ఒప్పుకుందాం. అందరిదీ అయితే, నాలుగు మాటలు మార్చి రికార్డు చేయగానే అది ఒక ఆడియో కంపెనీది ఎలా అయింది? అదే పాటను రేపు మా ఊరి పిల్ల తన ఛానల్‌లో పెడితే కాపీరైట్ స్ట్రైక్ పడే అవకాశం ఎలా వచ్చింది? తీసుకునేటప్పుడు అందరిదీ, అమ్ముకునేటప్పుడు ఒక్కడిదీ. ఊరుమ్మడి భూములు కూడా ఇట్లాగే పోయాయి. ఒక పాటను ఒక కులం పేర పట్టా చేయమని నేను అడగడం లేదు. పాట తిరగాలి, మారాలి. రికార్డింగ్‌లో మోగిన గొంతుకూ, చేతికీ పేరుంటుంది, ఊరుంటుంది. వాళ్లు 'అందరూ' కాదు.

ఒప్పుకోవాల్సిన మంచి కూడా ఉంది. 2023లో వచ్చిన 'బలగం' చివరి పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పేర్లు పాటకు పడ్డాయి. బుడగ జంగాల పాట అది, ఆ పాట లేకపోతే ఆ సినిమాకు ఆ కన్నీళ్లు లేవు. ఊళ్లలో తెరలు కట్టుకుని మరీ చూశారు జనం. తర్వాత ఆయన కిడ్నీల జబ్బుతో మంచాన పడ్డారు. సినిమావాళ్లు సాయం చేశారు, ప్రభుత్వం సాయం చేసింది. 2024 డిసెంబర్‌లో పోయారు. మళ్లీ అదే మాట, సాయం. ఆ పాట సంపాదనలోంచి నెలనెలా ఒక వాటా ఇంటికి వచ్చే ఏర్పాటుంటే, డయాలసిస్ కోసం వాళ్లూ వీళ్లూ జాలిపడే దాకా చూడాల్సిన పని ఉండేది కాదు.

మన ఉద్యమాలకు కూడా ఈ అలవాటు అంటింది. 'మా భూమి'లో గద్దర్ తెర మీద నిలబడి పాడిన 'బండెనక బండి' రాసింది బండి యాదగిరి. సభల్లో పాడేవాళ్లలో ఎంతమంది ఆ పేరు చెబుతారు? గద్దర్ పాట అనే చెబుతారు. 'ఒరేయ్ రిక్షా'లో పాటకు నంది అవార్డు ఇస్తే వద్దన్న మనిషి గద్దర్. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వ సినిమా అవార్డులే ఆయన పేరు మీద ఉన్నాయి, 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చారు. సరే, ఆ పేరే పెట్టుకున్నారు కాబట్టి ఆ పేరుతోనే అడుగుదాం: డప్పు కొట్టిన చేతికీ, కిన్నెర మీటిన వేలికీ అందులో సొంత విభాగం కావాలి. ఆల్బమ్‌లో వాయించిన ప్రతి ఒక్కరి పేరూ వేయని సినిమాను ఆ అవార్డుకు లెక్కలోకే తీసుకోకూడదు. దీనికి చట్టం మార్చక్కర్లేదు, ఒక నిబంధన చాలు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని చెబుతున్నాను. ఈ ఎండాకాలం సెలవుల్లో ఊరికి పోయినప్పుడు, పాడేవాళ్ల దగ్గర కూర్చుని ఫోన్లో రికార్డు చేయండి. పాట ముందు వాళ్ల నోటితోనే పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఆ రోజు తారీఖు చెప్పించండి. ఆ ఫైలు ఒక కాపీ వాళ్ల ఇంట్లోనే ఎవరి ఫోన్లోనైనా ఉండాలి, మీ దగ్గర మాత్రమే కాదు. రేపు ఎవరైనా స్టూడియో నుంచి వచ్చి కాగితం మీద సంతకమో వేలిముద్రో అడిగితే, చదవకుండా పెట్టొద్దని చెప్పండి. అందులో 'అన్ని హక్కులూ', 'శాశ్వతంగా' అన్న మాటలుంటే ముందు ఫోన్ చేయమనండి. లా చదివే మిత్రులు కనీసం పదిమంది పేర్లివ్వండి, జిల్లాకు ఒకరుంటే చాలు.

వచ్చే భాగం ఇళయరాజా కేసుల మీద. ఒక దళిత సంగీతకారుడు తన పాటకు డబ్బులడిగితే 'అత్యాశ' అనీ, అదే పని కంపెనీ చేస్తే 'వ్యాపారం' అనీ ఎందుకంటారో అక్కడ మాట్లాడుకుందాం. మీమ్స్ వేసేవాళ్లు అప్పటిదాకా దాచుకోండి.