ఇంటి లెక్కలు: పాత కారు, చిన్న బేరింగు

పాత వస్తువు కొనునపుడు మనకు రెండు విధములైన భయములు కలుగుచుండును. కంటికి కనబడు లోపమును గూర్చిన భయము మొదటిది. దీనికి మనము జంకము. బిందె అడుగున మాటు వేసిన చోటు చేతికి తగులును. తగిలినంతనే బేరమాడి ధర తగ్గించుకొందుము. కంటికి కనబడని లోపమును గూర్చినది రెండవ భయము. గోడలోని చెదలు చేతికి తగులదు; కావుననే దాని తలంపు నిద్ర చెఱచును.

ఈ నెల మాకు వచ్చిన జాబులలో నొకటి ఈ రెండవ భయమునకు సంబంధించినది. వ్రాసిన సోదరి అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున కాపురముండు తెలుగు ఇల్లాలు. ఆమె భర్తకు చిన్ననాటి నుండియు పోర్షె కారుపై మనసు. క్రొత్తది కొను స్తోమతు ఏనాడును లేదు. ఇప్పుడు ఇరువది యేండ్ల క్రిందటి బాక్‌స్టరు కారొకటి అందుబాటు ధరకు వచ్చినది. ఇంటి పైకప్పు బాగుచేయించుటకై ఆలుమగలు కూడబెట్టిన సొమ్ములో సగము దానికి పోవును. ఇంతలో నెవరో, ఆ కారు ఇంజనులో నొక బేరింగు కలదనియు, అది చెప్పక చెడుననియు, అది చెడిననాడు ఇంజను సర్వము పోవుననియు చెప్పిరట. నాటినుండి ఆయన కొనలేడు, మానలేడు. “వద్దనుటకు నాకు మనసొప్పదు. సరే యనుటకు ధైర్యము చాలదు. ఏమి చేయుదును?” అని సోదరి యడిగినది.

కారుల సంగతి మనకేల యని పాఠకురాండ్రు కొందఱు అనవచ్చును. ఇంటి సొమ్ము ఏ త్రోవను పోయినను అది ఇల్లాలి లెక్కలోనిదే. కావున ఆ బేరింగు కథ యేమో ముందు తెలిసికొందము.

పోర్షె వారు జర్మనీ దేశమున స్టుట్‌గార్టు నగరమున కారులు నిర్మించువారు. వారి 911 కారు 1964 మొదలు మూడు దశాబ్దములకు పైగా గాలిచే చల్లబడు ఇంజనుతో నడచినది. 1996లో బాక్‌స్టరును, 1997లో క్రొత్త 911ను నీటిచే చల్లబడు ఇంజనుతో వారు వెలువరించిరి. మన సోదరి చెప్పిన చిక్కు ఈ ఇంజనులలోనిదే.

ఇంజనులో ముఖ్యమైన ఇరుసు క్రాంకు షాఫ్టు. దానికి క్రిందుగా నడిమి షాఫ్టొకటి యుండును. క్రాంకు షాఫ్టు దీనిని గొలుసుతో త్రిప్పును. ఇది మరల గొలుసులతో, వాల్వులను తెఱచి మూయు కాము షాఫ్టులను త్రిప్పును. అత్తగారి మాట నందుకొని తక్కిన కోడండ్రకు పని పంచు పెద్దకోడలి వంటిది ఈ నడిమి షాఫ్టు. దీని యొక కొనను మోయునదే ఆ చిన్న బేరింగు: రెండు ఉక్కు వలయములు, వాని నడుమ దొర్లు ఉక్కు గుండ్లు, అంతే.

ఇరుసునకు కందెన యెంత యవసరమో బండి నెఱిగిన వారికి చెప్పనక్కఱలేదు. మునుపటి 911 ఇంజనులలో ఈ షాఫ్టు గుండ్లు లేని సాదా బేరింగులో తిరుగుచు, ఇంజను ఆయిలు ఒత్తిడితో ఎప్పటికప్పుడు వచ్చి తడుపుచుండెడిది. క్రొత్త ఇంజనులో గుండ్ల బేరింగును పెట్టి, దానిలో కందెన నింపి, ఇరుప్రక్కల మూత వేసిరి. లోని కందెనయే కడవఱకు చాలునని తలంపు. ఊరగాయ జాడీకి వాసెన గట్టి నిశ్చింతగా నుండగా లోన తేమ చేరినట్లు, కాలము గడచినకొలది వేడి ఆయిలు ఆ మూత సందున లోనికి చేరును. లోని కందెన కరగిపోవును. చేరిన ఆయిలు మాఱుటకు దారి లేక అచ్చటనే పాతబడును. అంతట గుండ్లు అరగుట మొదలిడును.

అరగిన గుండు పగిలినచో షాఫ్టు ఊగును. గొలుసుల లెక్క తప్పును. తెఱచి యుండరాని వేళ వాల్వు తెఱచియుండగా పిస్టను వచ్చి దానిని ఢీకొనును. క్షణములలో ఇంజను పాడగును. మాఱు ఇంజను వెల తఱచుగా ఆ పాత కారు వెలను మించును. భయమునకు కారణమిదియే, ఇది వట్టి పుకారు గాదు.

అయినను అన్ని కారులకు నీ ప్రమాదము సమానము గాదు. మొదటి యేండ్ల ఇంజనులలో రెండు వరుసల గుండ్లు గల బేరింగు ఉండెను. సుమారు 2000 మొదలు 2005 వఱకు వచ్చిన వానిలో ఒక వరుస బేరింగు పెట్టిరి; బలహీనమైనది ఇదియే. 2000, 2001 నాటి కారులలో రెండింటిలో నేదైనను ఉండవచ్చును. అటుపిమ్మట 2008 వఱకు మఱింత పెద్ద బేరింగు వచ్చినది. అది చెడుట అరుదు గాని, ఇంజనును రెండుగా విప్పనిదే దానిని బయటికి తీయ వలనుపడదు. 2009 నాటి క్రొత్త ఇంజనులో ఆ షాఫ్టునే తీసివేసిరి. ఆ కాలపు 911 టర్బో, జీటీ3 కారుల ఇంజను వేఱు. వానికి ఈ చిక్కు లేదు.

ఈ విషయమై అమెరికాలో కారుల యజమానులు వ్యాజ్యము తేగా 2013లో రాజీ కుదిరినది. 2001 మే నుండి 2005 ఫిబ్రవరి వఱకు తయారైన కారులు అందులో చేరినవి. ఒక వరుస బేరింగులు నూటికి దాదాపు 8 చెడినవనియు, రెండు వరుసలవి నూటికి ఒకటి కంటె తక్కువ యనియు ఆ సందర్భమున వెల్లడియైనది. ఆ రాజీ క్రింద పరిహారము కోరు గడువు ఏనాడో తీఱినది. ఇప్పుడు కొనువారు దానిపై ఆశ పెట్టుకొనరాదు.

నూటికి 8 అనగా, మిక్కిలి బలహీనమైన తరగతిలో సైతము 92 కారులు చెడలేదన్న మాట. ఇది ఊఱట. కాని ఆ ఎనిమిదింటిలో మనది చేరినచో మనకు పోవునది ఎనిమిది పాళ్లు గాదు, నూఱు పాళ్లును. ఇది హెచ్చరిక. ఈ రెండు మాటలును జ్ఞాపకముంచుకొనవలయును. మొదటిదానినే పట్టుకొన్నవారు మోసపోవుదురు. రెండవదానినే పట్టుకొన్నవారు నిద్ర పోలేరు.

ఇక చేయదగిన పనులు. కొనక పూర్వము, ఆ బేరింగు మార్చిరేమో అడిగి, మార్చిన పక్షమున రశీదును, తేదీని, మైళ్ల లెక్కను చూడవలయును. గుండ్లను పింగాణీ జాతి పదార్థముతో చేసిన బేరింగులును, ఇంజను ఆయిలు నేరుగా అందునట్టి సాదా బేరింగులును ఇప్పుడు దొరకుచున్నవి. మార్చినది సైతము శాశ్వతము కాకపోవచ్చును. కావుననే తేదీ ముఖ్యము. మార్చని పక్షమున ఆయిలు ఫిల్టరును కోసి, దాని మడతలను విప్పి చూపుమని మెకానిక్కును కోరవలయును. చేటలో పప్పు పోసి రాళ్లేఱు మనకు ఈ పరీక్ష క్రొత్త గాదు. మడతలలో మెఱపు కనబడినచో అయస్కాంతము చూపవలయును. అంటుకొన్నచో అది ఉక్కు. ఆ కారును విడిచి వచ్చుట మేలు. ఉక్కు పొడి ఇంజనంతట పాఱిన పిదప క్రొత్త బేరింగు వేసినను ప్రయోజనము లేదు.

ఈ యొక్క భయము పట్టుకొని తక్కిన లోపములను మఱచుటయు తప్పే. సిలిండరు గోడలపై గీతలు పడుట ఈ ఇంజనులలో మఱియొక పెద్ద వ్యాధి. సన్నని గొట్టపు కెమెరాను లోనికి పంపి దానిని చూడవచ్చును.

కొన్న తరువాత, అయిదువేల మైళ్లకో, ఏడాదికో, ఏది ముందు వచ్చిన దానికి ఆయిలు మార్పించవలయును. బేరింగును మార్చుటకు గేరుపెట్టెను దింపవలయును. క్లచ్చి మార్చుటకును దానినే దింపుదురు. కావున రెండు పనులును ఒక్కమాఱు చేయించినచో ఒక కూలి మిగులును.

ఇంకొక ముఖ్యమైన మాట. కొందఱు యజమానులు బేరింగు విఱుగునను భయముచే కారును షెడ్డులో నుంచి, నెలకొక దినము మాత్రము బయటికి తీయుదురు. అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పున దేమనగా, కదలక పడియుండిన కారులలోనే ఈ బేరింగు ఎక్కువగా చెడుచున్నదట. తఱచుగా నడిచి, బాగుగా వేడెక్కి, వేళకు ఆయిలు మాఱిన కారు మన్నును. భయముచే చేసిన కాపుదల ఆ భయమునే నిజము చేయుచున్నది! కారుల విషయమునందే కాదు, ఇంటిలో మఱికొన్ని విషయములందును ఇట్లే జరుగుట పాఠకురాండ్ర కెఱుకయే.

ఇప్పుడు సోదరి ప్రశ్నకు వత్తము. అమ్మా, ఆ కారు మీకు అందుబాటు ధరకు వచ్చుటకు ఈ బేరింగు భయము కూడ నొక కారణము. కావున అమ్మువాడు చెప్పిన వెల పూర్తి వెల గాదు. దానికి బేరింగు, క్లచ్చి మార్చు ఖర్చును కలుపుడు. అది కొన్నివేల డాలర్లగును. ఆ మొత్తమును కాగితముపై వ్రాసి, ప్రక్కనే పైకప్పు ఖర్చు వ్రాసి, మీ వారి యెదుట నుంచుడు. రెండును మీ సొమ్ములో ఇమిడినచో, పరీక్ష చేయించి సంతోషముగా కొనుడు. ఇమడనిచో ఈ యేడు పైకప్పు, ఆ తరువాత కారు. బేరింగునకు సొమ్ము లేని వారికి ఆ కారునకును సొమ్ము లేదనియే మా యభిప్రాయము.

మీరు వద్దనవలసిన పనియు లేదు, సరే యనవలసిన పనియు లేదు. ఆ కాగితమే చెప్పును. ఇరువురును కూర్చుండి కూడిన లెక్క యేదైనను రాత్రి నిద్ర నిచ్చును. ఆయన చిన్ననాటి కోరిక ఇరువది యేండ్లు వేచినది. ఇంకొక వానకాలము వేచియుండుట దానికి కష్టము గాదు. పైకప్పు మాత్రము వేచియుండదు.