పరిశోధన గ్రాంటుకు లెక్కలు రాసేదెవరు?

కొన్నేళ్ల కిందట మా కళాశాలకు ఒక పరిశోధన ప్రాజెక్టు మంజూరైంది. ఉత్తర్వు వచ్చిన రోజు స్టాఫ్ రూములో మిఠాయిలు పంచుకున్నాం. రెండో ఏడాది గ్రాంటు మాత్రం ఐదు నెలలు ఆలస్యమైంది. ప్రయోగం విఫలమై కాదు. గ్రాంటుపై బ్యాంకు ఇచ్చిన వడ్డీని మేం వినియోగ ధ్రువపత్రంలో చూపలేదు. రసాయనాల పద్దు కింద ఒక చిన్న పరికరం ఎందుకు కొన్నామో ఆడిటరుకు చెప్పలేకపోయాం. ఆ ఐదు నెలలూ మా జూనియర్ రీసెర్చ్ ఫెలోకు ఫెలోషిప్ అందలేదు. మెస్ బిల్లు కట్టలేక, ఇంట్లో అడగలేక ఆ అమ్మాయి చాలా ఇబ్బంది పడింది. తప్పు మాది, శిక్ష ఆమెకు.

ఇందులో ఎవరి అవినీతీ లేదు. ప్రాజెక్టు లెక్కలు చూడటం ఎవరి పనో మా కళాశాలలో ఎవరూ నిర్ణయించలేదు, అంతే. జీతాల బిల్లులు, విద్యార్థుల ఫీజులు చూసే గుమాస్తాకే ఈ ఫైలునూ అప్పగించారు. బిల్లులు నా సొరుగులో ఉండేవి, చెక్కుల వివరాలు ఆయన దగ్గర ఉండేవి. రెండూ కలిసేది మార్చి నెలాఖరులోనే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమంటే ఇదే.

పెద్ద సంస్థల్లో పరిస్థితి వేరు. మద్రాసు, బొంబాయి ఐఐటీల్లో బయటి నిధులతో నడిచే పరిశోధనల కోసమే ప్రత్యేక కార్యాలయాలున్నాయి. నియామకాలు, కొనుగోళ్లు, ఖాతాలు వాళ్లు చూస్తారు. అదే ప్రాజెక్టు డిగ్రీ కళాశాలకు వస్తే అధ్యాపకుడే శాస్త్రవేత్త, స్టోర్ కీపరు, అకౌంటెంటు. వారానికి పదహారు గంటల పాఠాలు దీనికి అదనం.

నిబంధనలు ఎందుకున్నాయో తెలిస్తే అవి అంత భయపెట్టవు. కేంద్ర నిధులకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి వర్తిస్తుంది. దాని ప్రకారం గ్రాంటు తీసుకున్న సంస్థ 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. కిందటేడు మిగులు, ఈ ఏడు వచ్చినది, వడ్డీ, ఖర్చు, చివరి నిల్వ అందులో ఉండాలి. వడ్డీ కళాశాలది కాదు, దాన్ని భారత సంచిత నిధికి తిరిగి కట్టాలి. గ్రాంటుతో కొన్న పరికరాలను రిజిస్టరులో ఎక్కించాలి, అనుమతి లేకుండా అమ్మకూడదు. ప్రజల సొమ్ముకు ఈ మాత్రం జవాబుదారీ ఉండాల్సిందే.

ఇప్పుడు పద్ధతులూ మారుతున్నాయి. చాలా పథకాల్లో డబ్బు ముందే మన ఖాతాలో పడదు. జీరో బ్యాలెన్స్ ఖాతాకు ఖర్చు పరిమితిని మాత్రమే కేటాయిస్తారు. మార్చి 31 నాటికి వాడని పరిమితి మురిగిపోతుంది. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర పరికరాలు, సామగ్రి కొనుగోలు నిబంధనలను సడలించింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షల రూపాయలకు పెంచింది. మంచి నిర్ణయమే. కానీ ఆ సడలింపు తమ కళాశాలకు వర్తిస్తుందో లేదో చెప్పగలిగిన మనిషి కార్యాలయంలో లేనప్పుడు ప్రిన్సిపాల్ పాత పద్ధతిలోనే మూడు కొటేషన్లు తెమ్మంటారు. ఆయన్ను తప్పుపట్టలేం. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే సంజాయిషీ రాయాల్సింది ఆయనే.

ఆ దెబ్బ తిన్నాక మేం నాలుగు పనులు మొదలుపెట్టాం. ప్రతి ప్రాజెక్టుకూ పద్దులవారీగా ఒక లెడ్జరు తెరిచాం. ఏ వస్తువైనా కొనకముందే అది ఏ పద్దులోకి వస్తుందో ఇండెంటు మీద రాసి, అకౌంట్స్ సంతకం తీసుకుంటున్నాం. ప్రతి నెల మొదటి వారంలో లెడ్జరునూ బ్యాంకు స్టేట్‌మెంటునూ పక్కపక్కన పెట్టి సరిచూస్తున్నాం. ఫెలో నియామక పత్రం, హాజరు, ఫెలోషిప్ చెల్లింపు ఒకే ఫైలులో ఉంచుతున్నాం. వీటికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక స్ప్రెడ్‌షీటు, నెలకు ఒక పూట చాలు. కిందటి మార్చిలో ధ్రువపత్రం రెండు రోజుల్లో తయారైంది.

అయితే ఇది ఒక గుమాస్తా ఓపిక మీద నడుస్తున్న ఏర్పాటు. ఆయన బదిలీ అయితే మళ్లీ మొదటికొస్తాం. అందుకే పరిశోధన నిర్వహణను శిక్షణ, హోదా, జీతం ఉన్న ఉద్యోగంగా గుర్తించాలని నా వాదన. అమెరికాలో ఈ వృత్తివారి జాతీయ సంఘం 1959లోనే ఏర్పడింది. మన దగ్గర హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఇండియా అలయన్స్ 2018లో పరిశోధన నిర్వహణ కోసమే ఒక కార్యక్రమం ప్రారంభించింది. ఆ ఆలోచన జిల్లా కళాశాలల దాకా రావాలి.

చిన్న కళాశాలకు అంత స్తోమత ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, ఒకటి రెండు ప్రాజెక్టుల కోసం పూర్తికాల ఉద్యోగి దండగే. అయితే ఒక విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న పది కళాశాలలకు కలిపి ఇద్దరిని నియమించవచ్చు. అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ తన ‘పెయిర్’ కార్యక్రమంలో, బలమైన సంస్థ మధ్యలో ఉండి చుట్టూ ఉన్న విశ్వవిద్యాలయాలకు తోడ్పడే పద్ధతినే తెచ్చింది. పరికరాలు, నైపుణ్యం పంచుకోగలిగినప్పుడు లెక్కలు తెలిసిన మనిషిని పంచుకోలేమా? గ్రాంటులో సంస్థ ఖర్చుల కోసం ఇచ్చే ఓవర్‌హెడ్ సొమ్ము ఉండనే ఉంది. భవనానికి సున్నం వేయడానికి బదులు, అందులో కొంత దీనికి కేటాయించవచ్చు.

నిధులిచ్చే సంస్థలకూ ఒక మాట. జనవరిలో విడుదల చేసి మార్చిలోగా ఖర్చు పెట్టమంటే ఎంత మంచి లెడ్జరైనా ఆదుకోలేదు. ధ్రువపత్రంలో చిన్న లోపం ఉంటే పరికరాల సొమ్ము ఆపండి, ఫెలోషిప్ ఆపకండి.

మా ఫెలో ఆ ఐదు నెలలూ ఒక్కరోజు కూడా ల్యాబు మానలేదు. తన నోటుబుక్కులో ప్రతి కొలతా తేదీతో సహా రాసింది. ఆమె డేటా రాసినంత శ్రద్ధగా మేం డబ్బు లెక్క రాసి ఉంటే ఆమెకు ఆ కష్టం వచ్చేది కాదు.