పదిహేను రోజుల మాత్ర

ఈ నెల మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకొనవలసి ఉన్నది.

మా సంఘములో ఒక సహోదరి. భర్త పాము కరిచి చనిపోయిన తరువాత ఆమెకు నిద్ర లేదు. గుండె దడ, చేతుల వణుకు, పొద్దు గూకితే భయము. టౌనులో డాక్టరుగారు ఆల్‌ప్రజోలం మాత్రలు పదిహేను రోజులకు వ్రాసి, మళ్లీ రమ్మన్నారు. బస్సు చార్జీ, ఆ రోజు కూలి రెండూ పోతాయని ఆమె వెళ్లలేదు. పాత చీటీ చూపించి మందుల షాపులో కొనుక్కుంటూ వచ్చింది. పదిహేను రోజుల మాత్ర పద్నాలుగు నెలలు నడిచింది. ఒకటి చాలక రెండయ్యాయి.

సంగతి తెలిసి మేము, "అమ్మా, ఇంక ఆ మాత్రలు మానేయండి, ప్రార్థన చేద్దాము" అన్నాము. మా మాట మీద గౌరవముతో ఆమె మిగిలిన మాత్రలు పారవేసింది. మూడవ రాత్రి ఫిట్స్ వచ్చాయి. కొడుకు ఆటోలో ఆసుపత్రికి తీసుకొనిపోయాడు గనుక బ్రతికింది. అక్కడి డాక్టరు మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ప్రార్థన మీరు చేయండి, మాత్ర ఆపే సంగతి మాకు వదలండి" అన్నారు. మేము తల వంచుకొని విన్నాము.

ఆయన చెప్పినది ఇది. డయజెపాం, ఆల్‌ప్రజోలం, లోరజెపాం, క్లోనజెపాం, ఇవన్నీ బెంజోడయజెపీన్లు అనే ఒకే కుటుంబపు మందులు. మెదడులో అలజడిని అణచే గాబా అనే పదార్థము ఉన్నది. ఈ మాత్ర దాని పనికి బలమిస్తుంది. అందుకే త్వరలోనే దడ తగ్గుతుంది. తీవ్రమైన భయముతో అల్లాడుతున్నవారికి ఇది మేలైన మందే, వేసుకొనడము విశ్వాసలోపము కాదు. అయితే కొద్ది వారాలలోనే మెదడు దానికి అలవాటు పడిపోతుంది. అందుచేత సాధారణముగా రెండు నుండి నాలుగు వారాలకు మించనివ్వరు, తగ్గించే రోజులు కూడా అందులోనివే. దీర్ఘకాలపు ఆందోళనకు ఇచ్చే వేరే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు ఆదుకొనడానికే చాలాసార్లు దీనిని ఇస్తారు.

నెలల తరబడి వాడుతున్నవారు ఇది చదివి రేపే మానకండి! డాక్టరు చెప్పినట్లు కొంచెము కొంచెముగా తగ్గించుకొనవలెను.

సారా, కల్లు త్రాగి ఈ మాత్ర వేసుకుంటే ఊపిరి మందగించి ప్రాణము పోవచ్చును. కల్లులోనే ఆల్‌ప్రజోలం కలిపి అమ్మే దుర్మార్గము తెలంగాణలో ఉన్నదని మీకు తెలియనిది కాదు. 2015లో అక్కడ కల్తీ కల్లుకు అడ్డుకట్ట వేసినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. మాత్ర మ్రింగుతున్నామని ఎరుగని వారికి కూడా మన సహోదరికి వచ్చినదే వచ్చింది.

మాత్ర వేసుకొని ట్రాక్టరు, మోటారు సైకిలు నడపకండి. ముసలివారు రాత్రి లేచి తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు, కనిపెట్టి ఉండండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. "నాకు బాగా పనిచేసింది వదినా" అని గుడి మెట్ల మీద మాత్రలు పంచుకొనడము మేము కళ్లారా చూశాము. ఆ వదినగారికి ఆయాసము ఉన్నదో, వేరే మందు వాడుతున్నదో ఎవరికి తెలుసు?

2014 మార్చి 1 నుండి ఆల్‌ప్రజోలం, డయజెపాం వంటి వాటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు ఉంచాలన్న నియమము ఉన్నది. షాపువాడు చీటీ అడిగితే కోపపడకండి. పాత చీటీకి ఇచ్చేవాడే మీకు కీడు చేస్తున్నాడు. పట్నము పోలేనివారు 14416కు ఫోను చేస్తే టెలీమానస్‌లో ఉచితముగా తెలుగులో మాట్లాడతారు.

ఆ సహోదరి పూర్తిగా మానడానికి ఐదు నెలలు పట్టింది. ప్రతి ఆదివారము ఆరాధన అయ్యాక మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఈ వారము సగము," "ఈ వారము పావు" అని లెక్క చెప్పేది. ఆ లెక్క మేము మా డైరీలో వ్రాసుకొనేవారము.