పొరుగువాని గట్టు

ఈ నెల వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 19:14, 27:17, లేవీయకాండము 6:1-7, మత్తయి 5:23, 24



పొలము పని ఎరిగినవారికి గట్టు సంగతి చెప్పనక్కరలేదు. ఊడ్పులకు ముందు పార పట్టుకొని గట్టు చెక్కుతాము. గడ్డి పోతుంది, ఎలుక బొరియలు పూడుతాయి. అయితే మన వైపున పార ఒక బెత్తెడు లోపలికి దిగిందనుకోండి, గట్టు సన్నబడుతుంది. సన్నని గట్టు నీటికి ఆగదు గనుక అవతలి వైపున మట్టి వేస్తాము. ఈ విధముగా గట్టు పొరుగువాని చేలోనికి నడుస్తుంది. ఏటికి బెత్తెడు, అనగా మూడు అంగుళముల చొప్పున, 12 సంవత్సరములకు ఒక గజము. గట్టు పొడవు 150 గజములైతే మూడు సెంట్ల పైచిలుకు భూమి చేతులు మారినట్లే. ఇందులో రాత్రివేళ జరిగినది ఏమియు లేదు. పట్టపగలు పని చేసినట్లే ఉంటుంది.

దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ధర్మశాస్త్రములో ఈ చిన్న విషయమునకు చోటు ఉన్నది. పూర్వికులు నాటిన సరిహద్దు రాతిని కదపవద్దని ద్వితీయోపదేశకాండము 19:14 ఆజ్ఞాపించుచున్నది. కారణమేమి? కనాను దేశము చీట్లు వేసి గోత్రములకును కుటుంబములకును పంచబడినది. భూమి నాదే అని దేవుడు లేవీయకాండము 25:23లో చెప్పెను. కాబట్టి రాతిని జరిపినవాడు పొరుగువానికి మాత్రమే కాదు, ఆ పాలు పంచి ఇచ్చిన దేవునికే అన్యాయము చేసినవాడగుచున్నాడు.

27వ అధ్యాయములో మరియొక సంగతి గమనించండి. లేవీయులు బిగ్గరగా పలికిన శాపములలో సరిహద్దు రాయి జరుపువాడును ఉన్నాడు. అక్కడ చెప్పబడిన పాపములలో అనేకము సాక్షులు లేని పాపములు. ప్రతి మాటకు ప్రజలందరు ఆమేన్ అనవలెను. చేసినవాడు కూడ ఆ సమూహములోనే నిలువబడి, తన నోటితోనే ఆమేన్ అనవలసి వచ్చును. ఈ వాక్యము నేను చాలా సంవత్సరములు ప్రసంగించాను. ఒక దినమున అది నన్ను పట్టుకొన్నది.

మా ఊరు కాలువ క్రింద ఉన్నది. సార్వా, దాళ్వా రెండు పంటలు పండుతాయి. మా చేను ప్రక్కన మాకు పిన్ని వరసైన ఒక విధవరాలి చేను. మా తండ్రిగారు సంఘపెద్ద, ప్రార్థనాపరుడు. ఆయనకు పొలములో సాయము చేసిన పెద్ద కుమారుడను నేనే. ఒకసారి పిన్ని మా ఇంటికి వచ్చి, "బావగారూ, గట్టు మా వైపుకు వస్తున్నదండి" అన్నది. "ఆడవాళ్లకు పొలము సంగతి ఏమి తెలుసమ్మా" అని నాన్నగారు పంపివేశారు. ఆ తరువాత ఆమె గుడికి రావడము తగ్గించి, చివరకు మానుకొన్నది. ఆమె విశ్వాసము చల్లారిపోయినదని మేమే చెప్పుకొన్నాము.

2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైనది. కొంతకాలమునకు అది మా ఊరికి వచ్చినది. సర్వేయరు మా ఇరువర్గములను చేని దగ్గరకు పిలిచి, మీ హద్దు ఏది అని అడిగారు. పిన్ని కుమారుడు ఇప్పుడున్న గట్టునే చూపించాడు. పాపము, అతనికి తెలిసిన హద్దు అదొక్కటే. నేనేమి చేశాను? మౌనముగా ఉన్నాను. పాత సర్వే రాయి ఎక్కడ ఉన్నదో నాకు తెలుసు. గట్టు మూలకు ఒక గజము ఇవతల, మా చేలో, బురద క్రింద ఉన్నది. చిన్నప్పుడు దాని మీద కూర్చొని చద్ది తిన్నాను. పెద్దవాడనైన తరువాత దమ్ములో నా పార దానికి తగిలేది. నాన్నగారు అప్పటికే నిద్రించారు. ఆ రాయి సంగతి ఎరిగినవాడను నేనొక్కడినే.

ఆ ఆదివారము ప్రభువు బల్ల. బల్లకు ముందు మత్తయి 5:23, 24 చదవబడినది. అర్పణ తెచ్చినవాడు తన సహోదరునికి తనమీద విరోధము ఏదైన ఉన్నదని జ్ఞాపకము వస్తే, అర్పణ అక్కడనే విడిచి వెళ్లి మొదట సమాధానపడవలెనని ప్రభువు చెప్పెను. నాకు ఎవరి మీదను విరోధము లేదు అనుకొని నేను ప్రతిసారి బల్లలో చేయి వేసేవాడిని. ప్రభువు అడిగినది అది కాదు. నీమీద ఎవరికైన ఉన్నదా అని ఆయన అడుగుచున్నాడు. ఆ దినమున నేను రొట్టె తీసికొనలేకపోయాను.

సోమవారము సర్వేయరును బ్రతిమాలి మరల పిలిపించాను. పిన్ని కుమారుని ఎదుట నేనే పారతో త్రవ్వి రాయి చూపించాను. "మూడు సెంట్లకు చనిపోయిన నాన్న పరువు తీస్తావా అన్నయ్యా?" అని నా తమ్ముడు కోపపడ్డాడు. ఆ మాట నన్ను బాధించినది. అయినను రాయి అబద్ధమాడదు గదా.

గట్టు వెనుకకు జరిపితే సరిపోతుందా? లేవీయకాండము 6:1-7 చూడండి. పొరుగువానిది అపహరించినవాడు మూలధనము తిరిగి ఇచ్చి, దానికి అయిదవ వంతు కలిపి, అర్పణ తెచ్చు దినముననే చెల్లించవలెను. బలి వేరు, బాకీ వేరు. ఒకటి రెండవదానికి బదులు కాదు. మనము ధర్మశాస్త్రము క్రింద లేము నిజమే. అయితే కృపను ఎరిగిన జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). కృప మనలను అంతకంటె తక్కువ న్యాయవంతులనుగా చేయునా?

లెక్క వేశాను. ఎకరానికి 25 బస్తాల చొప్పున మూడు సెంట్లకు పంటకు ముప్పాతిక బస్తా. పది సంవత్సరములకు, ఏటికి రెండు పంటల చొప్పున, 15 బస్తాలు. అయిదవ వంతు మూడు బస్తాలు. మొత్తము 18 బస్తాలు. రెండు పంటలలో చెల్లించాను. తమ్ముడు ఒక సంవత్సరము నాతో సరిగా మాట్లాడలేదు.

ధాన్యము దించిన రోజున పిన్ని అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: "గింజల కొరకు కాదు నాయనా. నేను అబద్ధమాడలేదని ఇన్నాళ్లకు ఒకరు చెప్పారు."

ప్రియులారా, మేము ఆమె యొద్ద నుండి తీసికొన్నది మూడు సెంట్లు మాత్రమే అనుకొన్నాను. ఆమె మాటకు ఉన్న విలువను, సంఘములో ఆమె స్థానమును కూడ తీసికొన్నాము. తండ్రిలేనివారి పొలములో చొరబడవద్దు, వారి విమోచకుడు బలవంతుడని సామెతలు 23:10, 11 హెచ్చరించుచున్నది. ఆమె పక్షముగా వాదించుటకు మనుష్యుడు లేకపోయినను ప్రభువు ఉన్నాడు.

కాబట్టి కొన్ని సంగతులు మనవి చేయుచున్నాను. గట్టు చెక్కునప్పుడు పొరుగువానిని పిలువండి. ఇద్దరు కలిసి చెక్కండి. హద్దు రాయి పైకి కనబడునట్లు ఉంచండి. పొలము లేనివారికి ఇంటి గోడ, మురుగు కాలువ, దారి ఉన్నవి. వాక్యము వాటికి కూడ చెందును. అన్యాయము పొందినవారు మొదట ఒంటరిగా మాట్లాడండి (మత్తయి 18:15). సంఘపెద్దలారా, పేదవాడు గాని విధవరాలు గాని వచ్చి చెప్పినప్పుడు, "సహించుకో" అని తొందరపడి పంపివేయవద్దు. వెళ్లి రాయి చూడండి.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు: మన ఇంటిలో ఎవరిదైన ఉన్నదా? మనలను బట్టి గుడికి రావడము మానినవారు ఉన్నారా? ఈ వారము మొదట ఎవరి గడప త్రొక్కవలెను?

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండునుగాక. ఆమేన్.