చేతి వాపు చూచి మనిషిని వెలివేయరాదు



కొన్ని వారముల క్రిందట మన గుడియాత్తములో లుంగీలు నేయు ఒక సభ్యుడు కార్యాలయమునకు వచ్చి కంటతడి పెట్టెను. "అన్నా, పిల్లకు టీబీ సూది వేసినారు. చెయ్యి వాచింది. వీధంతా క్షయ అంటా ఉండారు. సంబంధం వాళ్లు వెనక్కి పోయినారు" అనెను. పిల్లకు దగ్గు లేదు, జ్వరము లేదు. ఇంటిలో పెద్దకు జబ్బు వచ్చినందున పరీక్ష చేసిరి, అంతే. ఆ పిల్ల కూలికి కండెలు చుట్టును. మన సభ్యులలోనే కొందరు ఆ కండెలు ముట్టమనిరి. ఇది న్యాయమా?

ఆ సూది పేరు మాంటూ పరీక్ష. ఫ్రాన్సు దేశపు మాంటూ అను వైద్యుడు 1908లో ఈ పద్ధతి చెప్పెను. ముంజేతి చర్మములో ట్యుబర్కులిన్ అను మందు రవ్వంత ఎక్కించి, 48 నుండి 72 గంటల లోపల గట్టిపడిన వాపును కొలుతురు. ఎరుపు లెక్కకు రాదు. సాధారణముగా 10 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని ఉన్న "ఉన్నది" అందురు. కూలి పోవునని అయిదవనాడు వెళ్లి చేయి చూపిన ఆ కొలత నమ్మదగినది కాదు.

"ఉన్నది" అనగా క్రిమి ఎప్పుడో ఒంట చేరియుండవచ్చునని మాత్రమే. సోకిన నూరుగురిలో జీవితకాలమున జబ్బు పడువారు అయిదు నుండి పదిమంది. పైగా బి.సి.జి. టీకా వలనను, మన మట్టిలోను నీటిలోను ఉండు క్షయజాతి ఇతర క్రిముల వలనను చేయి వాచవచ్చును. 2007లో వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి నర్సు విద్యార్థులలో 436 మందికి ఈ పరీక్ష చేయగా ఇంచుమించు సగము మందికి అంత వాపు కనిపించెను. వారందరు రోగులని దాని అర్థము కాదు గదా!

రెండవ పొరపాటు ఇంతకంటె ప్రమాదము. తిండి చాలక చిక్కినవారికి, హెచ్.ఐ.వి. ఉన్నవారికి, జబ్బు బాగా ముదిరినవారికి చేయి వాచకపోవచ్చును. గుంటమగ్గములో దగ్గుచు కూర్చున్నవాడు "సూదికి ఏమియు రాలేదు" అని ధైర్యముగా ఉండరాదు. బి.సి.జి. వలన పొరబడని కొత్త సూది, రక్తపరీక్ష ఇప్పుడు వచ్చినవి. అవియు సోకిన సంగతి చెప్పునే గాని జబ్బును తేల్చవు. తేల్చునది కఫపరీక్ష, ఎక్స్‌రే.

అట్లని సూది వ్యర్థమనుట లేదు. రోగి ఇంటివారికి వాపు వచ్చినచో, జబ్బు లేదని చూచిన పిదప వైద్యులు ముందుజాగ్రత్త మందు ఇత్తురు. దానిని మధ్యలో మానక మింగవలెను.

కనుక సంఘమునకు నా సలహా ఇది. ఎవరినీ సూది ఫలితము అడుగరాదు. రెండు వారములు దాటి దగ్గువానిని ప్రభుత్వాసుపత్రికి కఫపరీక్షకు పంపవలెను, ఆనాటి కూలి సంఘము భరింపవలెను. క్షయ రోగి దగ్గిన గాలి వలన వచ్చును. కండె వలన రాదు, గుడ్డ వలన రాదు.

ఆ పిల్ల చుట్టిన కండెలను నేను నా మగ్గమునకే తెప్పించుకొన్నాను. తక్కినవారును అట్లే చేయుదురని నమ్ముచున్నాను.