140 కోట్లలో బస్తర్ పిల్లలు ఎక్కడ?

2025 అక్టోబర్ 14న మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడిపోవడంతో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. అంతకుముందు జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1తో, ఆ తర్వాత నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడింది. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లోనైతే ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయి, ఒక్క గోల్ కూడా చేయకుండా తిరిగొచ్చింది.

ఓడిన ప్రతిసారీ ఒకే మాట వినిపిస్తుంది: “140 కోట్ల మందిలో పదకొండు మంది దొరకలేదా?” బస్తర్‌లో ఆదివాసీ పిల్లల చదువు మీద పని చేస్తున్న పరిశోధక విద్యార్థిగా నాకు ఈ ప్రశ్నలోనే మోసం కనిపిస్తుంది. జనాభాతోనే గెలుపు వచ్చేదైతే, ఐదు లక్షల పైచిలుకు జనం ఉన్న కేప్ వెర్డే 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించేది కాదు. ఆ 140 కోట్లలో ఎంతమంది పిల్లలకు మైదానం, బూట్లు, కోచ్, ఏడాది పొడవునా మ్యాచ్‌లు అందుతున్నాయి? అడగాల్సిన ప్రశ్న ఇది. ఇది అడిగితే ‘ఫుట్‌బాల్‌లోకి కూడా కులాన్ని తెస్తారా’ అంటారు. మనం తేనక్కర్లేదు. ఎవరికి అవకాశం అందుతుందో, ఎవరికి అందదో చూస్తే అది అక్కడే కనిపిస్తుంది.

బస్తర్‌నే చూద్దాం. 2024 చివర్లో ఏడు జిల్లాల్లో తొలిసారి ‘బస్తర్ ఒలింపిక్స్’ జరిగింది. ప్రభుత్వ లెక్క ప్రకారం సుమారు 1.65 లక్షల మంది పాల్గొన్నారు. అందులో ఫుట్‌బాల్ కూడా ఉంది. పిల్లలకు ఆట మీద ఎంత ఆకలి ఉందో ఆ సంఖ్యే చెబుతుంది. కానీ డిసెంబర్ 15న జగదల్‌పూర్‌లో జరిగిన ముగింపు సభకు ముఖ్య అతిథి కేంద్ర హోంమంత్రి. లొంగిపోయిన మావోయిస్టుల ప్రస్తావన, క్రీడాకారుల సంఖ్య ఒకే ప్రసంగాల్లో పక్కపక్కనే వినిపించాయి. అంటే ఇక్కడ పిల్లల ఆట శాంతిభద్రతల పద్దులోకి వెళ్లింది. ఆదివాసీ పిల్ల బంతి తన్నితే అది ఆమె హక్కుగా కాక, ప్రాంతం ‘దారికి వచ్చింది’ అనడానికి సాక్ష్యంగా లెక్కకొస్తోంది.

ఆట పరంగా చూసినా ఇది సరిపోదు. ఫుట్‌బాల్ పండుగ రోజుల్లో నేర్చుకునేది కాదు. నాకౌట్ టోర్నమెంట్‌లో సగం జట్లు ఒక్క మ్యాచ్‌తోనే ఇంటిదారి పడతాయి. ఆ ఊరి పిల్లలకు ఏడాది మొత్తంలో దక్కేది ఆ ఒక్క ఆటే అయితే, వాళ్లు తమ తప్పు తెలుసుకుని సరిదిద్దుకునేది ఎప్పుడు? ఆసియాలో మనల్ని ఓడిస్తున్న దేశాల పిల్లలు వారం వారం లీగ్ మ్యాచ్‌లు ఆడి పెద్దవాళ్లవుతున్నారు. తేడా రక్తంలో లేదు, ఆడిన మ్యాచ్‌ల లెక్కలో ఉంది.

బస్తర్‌లో ఏమీ లేదని నేను అనడం లేదు. నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమంలో మంచి మైదానాలున్నాయి. 2024లో అండర్-20 పురుషుల జాతీయ ఛాంపియన్‌షిప్ అక్కడే జరిగింది. కానీ ఒక ఆశ్రమం దయ మీద నడిచే అవకాశం ఎంత మంచిదైనా హక్కు కాలేదు. ఆ సంస్థకు దూరంగా ఉన్న సుక్మా, బీజాపూర్ పోర్టా క్యాబిన్ పాఠశాలల పిల్లలు ఎవరి దయ కోసం ఎదురుచూడాలి? పైనున్న ఐఎస్ఎల్ పరిస్థితీ అంతే. సమాఖ్యకూ వాణిజ్య భాగస్వామికీ మధ్య కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం ముగింపుకు రాగానే 2025-26 సీజన్ సకాలంలో మొదలే కాలేదు. కింద దయ, పైన కాంట్రాక్టు. ఈ రెంటి మధ్య పేద పిల్లలు ఎక్కడానికి మెట్లు లేవు.

ఒకప్పుడు ఆ మెట్లు కొన్ని ఉండేవి. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో స్కూలు టీచరు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ తరం గొప్ప ఆటగాళ్లలో ఒకరు. ఇదేమీ అద్భుతం కాదు. ఊళ్లో లీగ్ ఉండేది, హైదరాబాద్ సిటీ పోలీస్ లాంటి జట్లు ఉండేవి, ఆడితే ఉద్యోగం వచ్చేది. పేదవాడి కొడుకు ఆటను నమ్ముకోవడానికి ఒక ఆధారం ఉండేది.

ఈ మాట చెప్పగానే కొందరు ఉదారవాదులు ఇంకో ఉచ్చు వేస్తారు: “ఆదివాసీలకు పుట్టుకతోనే దమ్ము ఎక్కువ, వాళ్లను తెస్తే గెలుస్తాం.” మెచ్చుకోలులా వినిపించే ఈ మాట కూడా కులం మాటే. ఒకరికి కాళ్లు, ఇంకొకరికి తల అని పుట్టుకతోనే పంచిపెట్టడం మనకు కొత్త కాదు. ఈ లెక్కలో ఆదివాసీ ఆటగాడు మాత్రమే. కోచ్, సెలెక్టర్, సమాఖ్య అధ్యక్షుడు ఎప్పుడూ ఇంకెవరో. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హాకీ జట్టుకు కెప్టెన్ అయిన జైపాల్ సింగ్ ముండా తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని ఆదివాసీల కోసం వాదించారు. ఆయన వారసత్వం ఒక్క మైదానానిదే కాదు, ఆ సభది కూడా.

2022 అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో భారత్ మూడు మ్యాచ్‌లూ ఓడింది. ఆ జట్టు కెప్టెన్ అస్తమ్ ఓరాన్ జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఆమె గౌరవార్థం ఊరికి వేస్తున్న రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే కూలికి వెళ్లారని అప్పుడు పత్రికలు రాశాయి. ఓటమికి కారణాలు వెతికే విశ్లేషకులు ఆ రోడ్డు మీద కూడా కాసేపు నిలబడాలి.

తెలుగు నేలకూ ఇందులో బాధ్యత ఉంది. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు భయపడి వేలమంది గోదావరి ప్రాంతానికి వలస వచ్చారు. ఈ గొత్తికోయల పిల్లలకు కుల ధ్రువీకరణ పత్రమే గగనం. పత్రం లేని పిల్ల గురుకులం గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇక జిల్లా జట్టు ఎంపికకు వచ్చేదెలా?

ప్రతి ఆశ్రమ పాఠశాలకూ మైదానం, బ్లాక్ స్థాయిలో నెలల తరబడి నడిచే లీగ్ కావాలి. గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడే యువతీయువకులకు ప్రభుత్వ ఖర్చుతో కోచింగ్, రిఫరీ శిక్షణ, జీతం ఉన్న ఉద్యోగం ఇవ్వాలి. సెలెక్టర్లు, కోచ్‌లు, సంఘాల పదాధికారుల సామాజిక నేపథ్యాన్ని ఫుట్‌బాల్ సమాఖ్య బయటపెట్టాలి. ఆ లెక్కలు అడగడం, తవ్వితీయడం విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన పని.

ఇవన్నీ చేస్తే భారత్ ఆసియాలో గెలుస్తుందా? గెలవొచ్చు, గెలవకపోవచ్చు. బస్తర్ పిల్లల మైదానాన్ని దేశం పతకానికి తాకట్టు పెట్టనక్కర్లేదు. జాతీయ జట్టు ఎప్పటికీ ఓడిపోతూనే ఉన్నా, సుక్మాలో పదేళ్ల పిల్లకు సాయంత్రం ఆడుకునే హక్కు ఉంది.